హనన్యా రెండేళ్లు, యిర్మీయా డెబ్బయ్యేళ్లు

2025 మార్చి నెలాఖరు. రాత్రి పదకొండు దాటింది. ఫోను మోగితే ఇంత రాత్రివేళ ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందోనని కంగారుగా తీశాను. టెక్సాస్ నుంచి మా సంఘ యువకుడు. ‘అయ్యగారూ, ఈసారి కూడా నా పేరు రాలేదండి’ అన్నాడు. హెచ్-1బి లాటరీ సంగతి. నేను ఓదార్చబోయాను. అతను మధ్యలోనే ఆపాడు. ‘అది కాదండి. ఇంట్లో ఏం పాపం ఉందో పరీక్షించుకోమని అమ్మకు ఎవరో చెప్పారట. మూడు రోజులుగా ఉపవాసం ఉంటోంది. షుగరు మనిషి. మీరొకసారి వెళ్లి అన్నం తినమని చెప్పండి’ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆ తల్లి నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ‘ఫలానా వారి అబ్బాయికి మొదటిసారే వచ్చింది కదా అయ్యగారూ! వాళ్లకంటే మేం ఏం తక్కువ ప్రార్థించాం?’ ముప్ఫయ్యేళ్ల పరిచర్యలో, సెమినరీలో నేర్చుకున్న వేదాంతంలో ఆ ప్రశ్నకు జవాబు లేక కాదు నేను మౌనంగా ఉండిపోయింది. 2023 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇదే తల్లి వాగ్దాన కార్డు తీసింది. యిర్మీయా 29:11 వచ్చింది. మన సంఘాల్లో ఆ వచనం తెలియనివారు ఉండరు. దేవుడు మన విషయంలో ఆలోచించేది సమాధానకరమైన సంగతులే తప్ప హాని కాదనే వాగ్దానమది. నేను ఉత్సాహం పట్టలేక మైకులోనే ‘అమ్మా, ఇది మీ అబ్బాయి వీసా కోసమే. ఈ సంవత్సరమే!’ అనేశాను. సంఘమంతా ఆమేన్ అంది. 2024 మార్చిలో రాలేదు. 2025 మార్చిలోనూ రాలేదు. ఆమె మూడు రోజుల పస్తుకు సగం కారణం నా నోరే.

అసలు ఆ లాటరీ ఏమిటో ముందు తెలుసుకుందాం. పిల్లల పేర్లు ప్రార్థన అంశాల్లో చదువుతున్నామే గాని, అక్కడ ఏం జరుగుతుందో మన పెద్దల్లో చాలామందికి తెలియదు. చదువు కోసం ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థికి డిగ్రీ పూర్తయ్యాక ఓపీటీ పేరుతో 12 నెలలు ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది. సైన్సు, ఇంజనీరింగు, గణితం లాంటి చదువులైతే ఇంకో 24 నెలలు. మొత్తం మూడేళ్లు. ఆ మూడేళ్లలో కంపెనీ అతని పేరు హెచ్-1బి కోసం నమోదు చేయాలి. ఏడాదికి ఇచ్చేది 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20 వేలు. 2025 మార్చిలో అర్హమైన నమోదులు 3,43,981 వస్తే కంప్యూటరు 1,20,141 ఎంపిక చేసింది. అందరూ వీసా దాకా రారు కనుక కాస్త ఎక్కువమందినే ఎంచుతారు. అంటే ముగ్గురిలో ఒకరికి కాస్త పైన. మిగిలిన ఇద్దరి ఇళ్లలోనూ ప్రార్థించే తల్లులుంటారు. ఆ కంప్యూటరుకు ఎవరి ఉపవాసం సంగతీ తెలియదు.

‘చీటి ఎవరికి పడినా తీర్పు ప్రభువుదేనని సామెతల గ్రంథంలో ఉంది కదండీ’ అంటారు (సామెతలు 16:33). ఉంది. ప్రభువు చేతికి అందనిది ఏదీ లేదని దాని భావం. చీటి రానివాడిని దేవుడు తోసేశాడని అక్కడ లేదు. అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయం తీయండి. యూదా స్థానంలో ఒకరిని ఎన్నుకోవడానికి ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థన చేసి, చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది. రెండో ఆయన యోసేపు, బర్సబ్బా అనేవారు, యూస్తు అని మారుపేరు. ఆయనా మొదటినుంచీ ప్రభువు వెంట నడిచినవాడే. పునరుత్థానానికి సాక్షే. అందుకే నిలబెట్టారు. చీటి మాత్రం రాలేదు. ఆ మేడగదిలో దాదాపు 120 మంది ఉన్నారు. ‘యూస్తూ, నీ ఇంట్లో ఏం పాపముంది?’ అని అడిగినవారు ఒక్కరూ లేరు. మనం మాత్రం అడుగుతున్నాం. కొత్త నిబంధన సంఘానికంటే ఎక్కువ ఆత్మపూర్ణులమయ్యాం కాబోలు!

ఇప్పుడు యిర్మీయా దగ్గరకు వద్దాం. వాగ్దాన కార్డు మీద అచ్చయ్యే ఆ 11వ వచనం ఒక ఉత్తరంలోని వాక్యం. ఆ ఉత్తరం వెళ్లింది విదేశంలో ఉన్నవారికే, బబులోను చెరలో ఉన్న యూదులకు. దానికి ముందు 28వ అధ్యాయంలో ఒక ప్రవక్త వస్తాడు. పేరు హనన్యా. దేవాలయంలో యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడి, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందని ప్రకటిస్తాడు. ఉపకరణాలూ వస్తాయి, రాజూ వస్తాడు, చెరలోకి పోయినవారూ వస్తారు. యిర్మీయా మెడమీది కాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచాడు కూడా. చప్పట్లు మోగే ఉంటాయి. యిర్మీయా ఏమన్నాడు? ముందు ‘ఆమేన్’ అన్నాడు. అలా జరిగితే నాకూ సంతోషమేనన్నాడు. కాడి విరిగాక ఏమీ అనకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. తర్వాతి అధ్యాయంలోని ఉత్తరంలో ఉన్న లెక్క డెబ్బయ్యేళ్లు (29:10). డెబ్బయ్యేళ్లని చెప్పిన వెంటనే వస్తుంది మనం కార్డు మీద వేసుకునే వచనం. కార్డులో చోటు లేదని మనం ఆ లెక్కను కత్తిరించేశాం.

రెండేళ్లు అనుకున్నవాడు ఇల్లు కట్టడు, తోట నాటడు, పెండ్లి చేసుకోడు. పెట్టె సర్దుకుని కూర్చుంటాడు. అందుకే యిర్మీయా ఉత్తరంలో మొదటి మాటలు ఇళ్లు కట్టుకోమనీ, తోటలు నాటుకోమనీ, పిల్లలకు పెండ్లిండ్లు చేయమనీ, ఉన్న పట్టణం క్షేమం కోరమనీ ఉంటాయి (29:5-7). ఇంత వ్యవహారజ్ఞానం ఉన్న ప్రవచనం ఇంకొకటి చూపించండి! హనన్యా మాట వినడానికి తీయగా ఉండింది, గాని దాన్ని నమ్మినవాడి బ్రతుకు ఆగిపోతుంది. ఈ మధ్య కొన్ని కూడికల్లో ‘పాస్‌పోర్టులు పైకెత్తండి’ అంటున్నారు. తొంభై రోజుల్లో వీసా అని తారీకులు చెప్తున్నారు. పక్కవారిని అననెందుకు, నేను మైకులో అన్నదీ అదే కోవలోది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తల్లిదండ్రులను వెస్ట్రీలో కూర్చోబెట్టాను. అబ్బాయి వీడియోలో ఉన్నాడు. సండేస్కూలు నోటుపుస్తకం ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాను. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగింది (లూకా 14:28) శిష్యత్వం గురించే అయినా, కూర్చుని లెక్క చూసుకోవడం ఆయన దృష్టిలో అవిశ్వాసం కాదని మాత్రం తెలుస్తోంది. ‘ఏం వస్తే బాగుంటుందో వద్దు. ఏం ఉందో రాద్దాం’ అన్నాను.

2021 ఆగస్టులో వెళ్లాడు. 2023 మేలో చదువు అయింది. జూలైలో ఉద్యోగం. అంటే ఓపీటీ గడువు 2026 జూలై. ఇంకో లాటరీ మిగిలింది, 2026 మార్చిలో. ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఖాళీగా ఉండొచ్చో తండ్రికి తెలియదు. మొదటి ఏడాదిలో అయితే మొత్తం 90 రోజులు, పొడిగింపు కూడా కలుపుకుంటే 150 రోజులు. బ్యాంకు అప్పు ఇంకా సగం ఉంది. వయసు ఇరవై ఆరు. ఇవీ ఉన్నవి.

తర్వాత, ఒకవేళ లాటరీ వస్తే ఏమవుతుందో రాయమన్నాను. ఇది ఎవరూ రాసుకోరు. వస్తే చాలు అన్నట్టే ఉంటారు. హెచ్-1బి మూడేళ్లు, ఇంకో మూడేళ్లు, మొత్తం ఆరేళ్లు. కంపెనీ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసి అందులో ఒక మెట్టు ఆమోదం పొందితే ఆరేళ్లు దాటాకా పొడిగిస్తారు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ దాదాపు 7 శాతం మించకూడదు. చిన్న దేశానికీ, మన దేశానికీ అదే హద్దు. అందువల్ల 2025 చివరలో కూడా మాస్టర్స్ చదివినవారి వరుసలో మనవాళ్లకు పిలుపు వస్తున్నది 2013లో వేసిన దరఖాస్తులకు. వారి వెనుక ఇంకా లక్షలమంది నిలబడి ఉన్నారు. ఈ వరుసలో ఉండగా పిల్లలు ఇరవై ఒకటో ఏడు దాటితే తల్లిదండ్రుల దరఖాస్తు నీడలోనుంచి బయటకు రావలసి వస్తుంది. చిన్నప్పుడే తీసుకెళ్లిన పిల్ల, అక్కడే బడికి వెళ్లిన పిల్ల, కాలేజీలో మళ్లీ విదేశీ విద్యార్థి వీసా కోసం వెతుక్కోవడం నేను ఎరిగిన కుటుంబంలోనే జరిగింది. వెళ్లొద్దని ఇది చెప్పడం లేదు. డెబ్బయ్యేళ్ల ఉత్తరం చదివి వెళ్లమంటున్నాను. ఇల్లు కొనాలా, పెండ్లి ఎప్పుడు, అమ్మానాన్నలను ఎవరు చూస్తారు అనేవి ‘గ్రీన్‌కార్డు వచ్చాక’ అనే గూట్లో పెడితే ఆ గూడు ఎప్పటికీ తెరుచుకోకపోవచ్చు.

ఆ తర్వాత నిబంధనలు ఇంకా మారాయి. 2025 సెప్టెంబరు 19న వచ్చిన ప్రకటన ప్రకారం, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుపై కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అక్కడే చదువుకుని అక్కడినుంచే వీసా మార్చుకునే విద్యార్థికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఇక 2026 ఫిబ్రవరి 27 నుంచి అమలని ప్రకటించిన పద్ధతిలో జీతం స్థాయిని బట్టి చీట్లు. మొదటి స్థాయి జీతానికి ఒక చీటీ, నాలుగో స్థాయికి నాలుగు. చదువు ముగించి కొత్తగా చేరిన పిల్లలు సాధారణంగా కింది స్థాయిల్లోనే ఉంటారు కదా! ‘ఇంకో లాటరీ ఉందిగా’ అన్న ఆశ ఎంత బరువు మోయగలదో ప్రతి ఏడాదీ కొత్తగా తూచి చూసుకోవాలన్నమాట.

కెనడా సంగతి అబ్బాయే ఎత్తాడు. మన ఊళ్లలో కెనడా అంటే వెనుక తలుపు అనుకుంటారు. 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసుకు, చదువుకు, భాషకు, అనుభవానికి కలిపి 1200 పాయింట్ల లెక్క. లాటరీ కాదు, అది మంచిదే. ముప్ఫయి దాటితే ఏటా వయసు పాయింట్లు తగ్గుతాయి. అమెరికాలో నాలుగైదేళ్లు ఎదురుచూసి అప్పుడు చూద్దాంలే అనుకునేవారికి ఇది తెలియదు. 2025 మార్చి 25 నుంచి ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే పాయింట్లు తీసేశారు. ఆ ఏడాది ఆహ్వానాలు ఎక్కువగా అక్కడ ఇప్పటికే పనిచేస్తున్నవారికీ, రాష్ట్రాలు సిఫారసు చేసినవారికీ, ఫ్రెంచి వచ్చినవారికీ, వైద్యసేవల వారికీ వెళ్లాయి. శాశ్వత నివాసుల లక్ష్యం కూడా 5 లక్షల నుంచి 3,95,000కు తగ్గించారు. మళ్లీ విద్యార్థిగా చేరితే చదువు తర్వాత మూడేళ్ల దాకా వర్కు పర్మిట్ దొరకవచ్చు, గాని ఇంకో అప్పు చేయాలి. అప్పు మీద అప్పు అనగానే తండ్రి నోటుపుస్తకం మీదినుంచి చెయ్యి తీసేశాడు.

ఇంగ్లండు గురించి ఒక్క మాటే. చదువు తర్వాత ఇచ్చే రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి వేసే దరఖాస్తులకు 18 నెలలు. నైపుణ్య ఉద్యోగ వీసాకు సాధారణ జీతం హద్దు 2025 జూలైలో 41,700 పౌండ్లు చేశారు. కొత్తగా చేరేవారికి కొంత తగ్గింపు ఉంది. మాస్టర్స్ తరగతులకు వెళ్లేవారు భార్యాపిల్లలను తీసుకెళ్లే వీలు 2024 జనవరి నుంచి లేదు. కొత్తగా పెండ్లయినవాళ్లు ఈ ఆఖరి సంగతి ముందే చదువుకోవాలి.

జర్మనీ గురించి మాత్రం నాకు కాస్త దగ్గరగా తెలుసు. మా సంఘంలోని ఒక అమ్మాయి, మెకానికల్ చదివింది, 2019లో అక్కడికి వెళ్లింది. అందరూ అమెరికా అంటుంటే ఈ పిల్లకేమైందని నేనూ అనుకున్నాను. వాళ్ల నాన్న ఆర్టీసీ డ్రైవరు. తాకట్టు పెట్టడానికి పొలం లేదు. అక్కడ చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదువుకు ఫీజు లేదు, సెమిస్టరుకు కొద్దిపాటి రుసుము తప్ప. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. అయితే మొదటి ఏడాది ఖర్చుల డబ్బు ముందే ఒక ఖాతాలో వేసి చూపాలి. 2025లో వెళ్లినవారికి అది 11,904 యూరోలు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అక్కడ చదివినవారు తగిన ఉద్యోగంలో రెండేళ్లు పన్నుతోపాటు పింఛను చందా కట్టి, బి1 స్థాయి జర్మను పాసైతే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. లాటరీ లేదు, దేశానికింత అనే కోటా లేదు. బదులుగా వారు అడిగేది భాష. ‘మొదటి చలికాలం బేకరీలో రొట్టె అడగడానికి కూడా భయపడి, వేలు పెట్టి చూపించేదాన్ని అయ్యగారూ’ అని చెప్పింది. పగలంతా ల్యాబు, సాయంత్రం భాష క్లాసు, శనివారం గోదాములో పని. అక్కడ తెలుగు ఆరాధన లేదు. అర్థం కాకపోయినా ఏడాదిపాటు జర్మను ఆరాధనలోనే కూర్చుంది. 2025లో శాశ్వత నివాసం వచ్చింది. ఆమె కోసం మా సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టలేదు. ఎవరికీ తట్టలేదు. హెచ్-1బి వచ్చినవారికి మాత్రం మూడు పెట్టాం!

భాష నేర్చుకోవడం అనగానే ఒక సంగతి గుర్తొస్తుంది. 1842లో అమెరికా నుంచి గుంటూరుకు ఫాదర్ హయ్యర్ వచ్చినప్పుడు ఆయన వయసు నలభై తొమ్మిది. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దాడు. మన దేశానికి వచ్చినవారు మన భాష నేర్చుకుంటే మనం దాన్ని పరిచర్య అన్నాం. మన పిల్లలు ఇంకొకరి భాష నేర్చుకోవలసి వస్తే దాన్ని కష్టమని లెక్క కట్టి పక్కన పెడుతున్నాం.

నోటుపుస్తకంలో ఆఖరున అబ్బాయి ఒక దారి చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. స్నేహితులు ఎక్కడో ఇంకో మాస్టర్స్‌లో చేరారట. చేరిన మొదటి రోజునుంచే సీపీటీ పేరుతో పూర్తి ఉద్యోగం చేసుకోవచ్చట. క్లాసులకు మూడు నెలలకోసారి వెళ్తే చాలట. ఇంకొకరు రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం కలిపి రాసిస్తారట. అలాంటి చోట్లన్నీ మోసమని నేననను. నిజంగా చదువు చెప్పేవీ ఉండవచ్చు. కాని మన తెలుగువారికి 2011, 2019 మరచిపోయే సంవత్సరాలు కావు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే దిక్కుతోచక నిలబడినవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు ప్రభుత్వాధికారులే వల పన్ని పెట్టినదని తేలింది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. తొలి రోజుల్లోనే 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. పిల్లలను అందులో చేర్పించి కమీషన్లు తిన్న దళారుల్లోనూ మన తెలుగువాళ్లున్నారు. అది వల అని మనం కోపగించుకోవచ్చు. చదువు లేని చోట చదువుతున్నానని సంతకం పెట్టింది మాత్రం మన చెయ్యే.

విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాము కూడా సరిహద్దు దగ్గర తడబడ్డాడు. కరవు వచ్చి ఐగుప్తుకు వలస పోతూ శారయిని చెల్లెలని చెప్పమన్నాడు (ఆది 12:10-20). అది పూర్తి అబద్ధం కూడా కాదు, సగం నిజమే. గొర్రెలు, పశువులు, ఒంటెలు అన్నీ వచ్చాయి. ఫలితం బాగున్నట్టే కనిపించింది. ఆ మధ్యకాలంలో ఫరో ఇంట్లో ఉన్నది శారయి. మనవాడు సగం నిజం చెప్పినప్పుడు అందులో ఇరుక్కుని భయంతో బ్రతికేది తరచు ఇంకొకరే. భర్త కాగితాలు సరిగా లేవని తెలిసి, రాత్రుళ్లు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడిన ఒక కోడలిని నేనెరుగుదును. పెండ్లి చూపుల్లో ‘హెచ్-1 మీద ఉన్నాడు’ అని మాత్రమే ఆమెకు చెప్పారు. సంబంధాలు మాట్లాడేటప్పుడు వీసా పేరును బట్టి కట్నం పెంచే అలవాటు క్రైస్తవ కుటుంబాల్లో లేదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? ఆ ధర ఉన్నంతకాలం పిల్లల చేత సగం నిజాలు చెప్పించేది మనమే.

తిరిగి రావడం అనే మాట నోటుపుస్తకంలో ఎవరూ రాయలేదు. నేనే రాశాను. తల్లి వెంటనే ‘నలుగురిలో తల ఎలా ఎత్తుకుంటాం అయ్యగారూ?’ అంది. మోయాబు నుంచి బేత్లెహేముకు వచ్చిన నయోమిని చూసి ఊరి స్త్రీలు ఈమె నయోమియేనా అనుకున్నారు (రూతు 1:19). ఆ ప్రశ్న దాటుకుని వెళ్లాక ఎదురైనది యవల కోత కాలం. తిరిగి వచ్చినవారందరికీ కోత కాలమే ఎదురవుతుందని నేను చెప్పను. అప్పు ఉన్నవాడికి రూపాయల జీతంతో డాలర్ల అప్పు తీర్చడం నరకమే. 40 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 55 వేలు కట్టాలి, మొత్తం 66 లక్షలవుతుంది. చదువు కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. ఇప్పుడు పంపించబోయే తల్లిదండ్రులు ఈ ఒక్క లెక్క ముందు వేసుకోవాలి. ‘వీసా రాకపోయినా ఈ అప్పు ఇక్కడి జీతంతో తీర్చగలడా?’ తీర్చలేడంటే ఆ పిల్లవాడిని చదువుకు పంపడం లేదు, లాటరీకి పంపుతున్నాం.

మా అబ్బాయి అప్పు సగం తీరింది కనుక అతనికి దారి కొంత వెడల్పుగా ఉంది. అతని కంపెనీకి హైదరాబాదులో శాఖ ఉంది. అక్కడ ఏడాది పనిచేస్తే అదే కంపెనీ ద్వారా ఎల్-1 వీసాపై వెళ్లే వీలు ఉండవచ్చని, అర్హత ఉద్యోగాన్ని బట్టి ఉంటుందని అక్కడి లాయరు చెప్పాడట. ఈ విషయాల్లో నా మాటకూ, కన్సల్టెన్సీ కుర్రాడి మాటకూ విలువ లేదు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల అధికారినీ, ఆ దేశంలో లైసెన్సున్న లాయరునూ అడగాలి. అతను ఆఖరి లాటరీ కోసం ఆగలేదు. ఆగినా తప్పు లేదు. ఇంకొకరైతే ఆగేవారు, వారి లెక్క వేరు. 2025 అక్టోబరులో తానే అడిగి బదిలీ చేయించుకుని వచ్చేశాడు. మళ్లీ వెళ్తాడో లేదో ఇంకా అనుకోలేదు.

వచ్చిన మొదటి ఆదివారం వాళ్లమ్మ గుడికి ఆలస్యంగా వచ్చి వెనుక బల్లమీద కూర్చుంది. ఎప్పుడూ మూడో వరుసలో ఉండే మనిషి. ఎవరో ఒక పెద్దాయన బయట ‘విశ్వాసం నిలుపుకోలేకపోయాడు, ఇంకో ఛాన్సుందిగా’ అనడం నా చెవిన పడింది. ఆ రోజు ప్రసంగం పక్కన పెట్టి, 2023 డిసెంబరు 31న నేను మైకులో అన్న మాట తప్పని, అది ప్రభువు నాకు చెప్పలేదని, నా ఉత్సాహమేనని సంఘం ముందు ఒప్పుకున్నాను. అబ్బాయి గిటారు వాయిస్తున్నాడు, తలెత్తలేదు. తర్వాత వాళ్లమ్మ అమ్మగారి దగ్గరకు వచ్చి ఆ సాయంత్రం మమ్మల్ని భోజనానికి పిలిచింది. తను కూడా మాతోపాటే కూర్చుని తింది.

2025 డిసెంబరులో వాగ్దాన కార్డులు అచ్చు వేయించడానికి ప్రెస్సుకు వెళ్లాను. యిర్మీయా 29:11 ఉన్న కార్డులు ఎప్పటిలాగే ఎక్కువ కావాలన్నారు మా కమిటీవారు. పదో వచనం కూడా కలిపి వేయమని ప్రెస్సాయనకు చెప్పాను. ‘రెండు వేస్తే అక్షరాలు చిన్నవైపోతాయి అయ్యగారూ, పెద్దవాళ్లకు కనిపించవు’ అన్నాడు. కార్డు సైజు పెంచమన్నాను. దానికి నూటికి అరవై రూపాయలు ఎక్కువవుతుందన్నాడు.